ఆరు లెక్కబెట్టి ఒక నొక్కు

ఉత్తరం ఫోన్‌లోకే వచ్చింది,
పీడీఎఫ్, రెండు పేజీలు.
డాక్టర్ పి. మునెమ్మ గారికి, అని మొదలు.
అవ్వ పేరుకు ముందర డాక్టర్ అనుంటే
ఎవురో పెద్దామెకు రాసిందనుకోని
కాసేపు కిందికి జరపకుండా చూస్తా ఉండిపోయినా.

ఎమర్జెన్సీ మెడిసిన్. మూడేండ్లు.
ఆపైన రెండేండ్లు వాళ్ల దగ్గరే.
కౌన్సెలింగ్‌కు పోనని రాసియ్యల్ల.
శుక్రవారం సాయంత్రం ఐదులోపల.

ర్యాంకులింకా రాలేదు.
కోర్టులో ఒక వాయిదా, ఢిల్లీలో ఇంకో వాయిదా.
హాస్టల్ గోడమీద నేనూ కుముదా
పెన్సిల్‌తో రాసుకున్న పోయినేటి కటాఫ్‌లలో
సున్నం రాలేకొద్దీ
ఒక్కో సున్నా ఊడిపోతా ఉండాది.

నన్నే ఎందుకు పిలిచినారంటే,
పోయిన నెల, తెల్లారుజాము మూడు,
రేణిగుంట రోడ్డులో లారీ కింద పడిన మనిషి.
రుయాలో వెంటిలేటర్ ఒక్కటీ ఖాళీ లేదు.
అంబు బ్యాగ్ నొక్కతా నిలబడినా.
ఆరు లెక్కబెట్టి ఒక నొక్కు,
ఆరు లెక్కబెట్టి ఒక నొక్కు.
డ్రైవర్ తమ్ముడి కోసం వచ్చిన డాక్టర్ దొరస్వామి
తలుపు దగ్గర నిలబడి చూసినాడంట.
నేను ఆయన్ని చూడలే.
నా అరచేతిలో తిమ్మిరి యాడికి ఎక్కతా ఉందో
దాన్నే చూస్తా ఉన్నా.

అమ్మ కొండమీద క్యూ కాంప్లెక్స్‌లో
ఊడ్చే కాంట్రాక్టు మనిషి.
కంపార్ట్‌మెంట్ ఖాళీ అయినాక
లోపల ఏం మిగుల్తాదో ఆమెకు తెలుసు:
పాల గ్లాసులు, పగిలిన గాజు,
మర్చిపోయిన కండ్లద్దాలు,
పద్దెనిమిది గంటలు కూచున్నోళ్ల చెమట.
పక్క గేటులో ఇస్త్రీ చొక్కాలు పొయ్యేదీ తెలుసు.
రాత్రి బస్సు దిగొచ్చి
చీపురు కాసిన కాయలకు కొబ్బరినూనె రుద్దుకుంటా
అంతా ఇన్నాది.
"గేటు తీసినోడు ఎందుకు తీసినాడో కనుక్కో.
కనుక్కున్నాక మాత్రం నిలబడొద్దు. పో."

మూడు దినాలు కుముదకు చెప్పలే.
ఒకే దోమతెర, ఒకే క్వశ్చన్ బ్యాంకు,
బేసి నంబర్లు ఆమెకు, సరి నంబర్లు నాకు.
గురువారం రాత్రి ఆమె అడగతా ఉంది:
పాముకాటు, కనురెప్పలు వాలిపోతాండాయి,
ముందు ఏం చేస్తావు?
జవాబు చెప్పకుండా ఫోన్ చేతికిచ్చినా.

రెండు పేజీలూ చదివింది.
పేరు దగ్గర ఒకసారి నవ్వింది.
తర్వాత, కోపం లేకుండా,
చీటీలో డోసు సరిచూసినట్టు చెప్పింది:
"ఆ రాత్రి ఇద్దరం మార్చుకోని నొక్కినాం కదే.
పది నిమిషాలు నువ్వు, పది నిమిషాలు నేను.
ఆయప్ప వచ్చింది నీ పదిలో."

శుక్రవారం, నాలుగూ నలభై.
దొరస్వామికి ఫోన్ చేసి
ఆ రాత్రి ఇంకో చెయ్యి కూడా ఉండిందని చెప్పినా.
"సంతోషమమ్మా, ఆ పిల్లను కౌన్సెలింగ్ అయినాక రమ్మను."
గేటు తీసే మనుషుల గొంతు
ఎంత మెత్తగా ఉంటాదో.

పెన్ను కుముదే ఇచ్చింది.
పడకపోతే అరచేతుల మధ్య రుద్ది
వెచ్చజేసి మళ్లీ ఇచ్చింది.
పెట్టేసినా.

ఆ మనిషి బతికినాడా?
తెల్లారి చెన్నైకి తీసకపోయినారు.
రెండు పేజీలూ మళ్లీ వెతికినా,
యాడా ఆ మాట లేదు.

ఈ రాత్రి మళ్లీ ఇద్దరికీ క్యాజువాలిటీనే.
ట్రాలీలు ఇంకా రాలే.
నా కుడిచెయ్యి ఊరికే
మూసుకుంటా తెరుచుకుంటా ఉండాది.
అది చూసి పక్కన కుముద
గొంతు పైకి రాకుండా
ఒకటి, రెండు, మూడు,
నాలుగు దగ్గర ఆపేసి
"నిన్నటి పాముకాటుకు
నువ్వింకా జవాబు చెప్పలే" అనింది.